చూడని తోటకు గుత్త

విస్సన్నపేట,
ఏప్రిల్ 2

పెదనాన్న గారికి యోగిత నమస్కారాలు.

మా ఇంట్లో అందరి ఆరోగ్యం బాగుంది, నాది తప్ప. నాకొచ్చిన జబ్బేమిటో నాకు తెలీదు. అమ్మ పెద్దమ్మకి ఫోన్ చేసి చెప్పిందట, పెద్దమ్మ మీకు చెప్పిందట, కాబట్టి మీరే నాకు చెప్పాలి.

నాన్న ద్వారా నాకు చేరిన ముక్కలు ఇవి: "పిల్ల పొద్దస్తమానం చచ్చిపోయిన కంప్యూటర్ ముందు కూర్చుంటోంది. తెరంతా నల్లగా ఉంటోంది. దాని మీద ఏదో రాస్తుంది, తనలో తనే నవ్వుతుంది, ఒక్కోసారి దాన్ని తిడుతుంది." ఇందులో తిట్టడం మాత్రం నిజం. మిగతాదంతా అమ్మ చదువుకున్న తీరు. నేను బీటెక్ అయ్యి ఇంట్లో ఉన్నానంటే ఖాళీగా ఉన్నానని ఈ ఇంటి లెక్క. గ్యాస్ బండ వస్తే నేను దిగాలి, కరెంటు మీటరు చూసేవాడికి నేను తలుపు తీయాలి, వీధిలో ఎవరి ఆధార్ కార్డుకి ఫోన్ నంబరు కలపాలన్నా నేనే. ఆలోచిస్తూ కూర్చుంటే "ఏమ్మా, తలనొప్పా?" అంటారు. పని చేస్తూ కూర్చుంటే "ఏమ్మా, పనేం లేదా?" అంటారు.

అసలు సంగతి ఇదీ. హైదరాబాదులో ఒక చిన్న కంపెనీ ఉంది. కూరగాయలు, పళ్ళు దాచే శీతల గిడ్డంగుల లెక్కలు చూస్తుంది. వాళ్ళు నన్ను ఈ నెల పరీక్షకి తీసుకున్నారు. వాళ్ళ లెక్కలన్నీ క్లౌడ్‌లోకి చేర్చి నడిపి చూపించాలి. నడిపితే ఉద్యోగం, అదీ ఇంట్లో కూర్చునే. క్లౌడ్ అంటే పైన ఏమీ ఉండదు పెదనాన్నా. ఎక్కడో పెద్ద భవంతిలో వేల కంప్యూటర్లు పెట్టి అద్దెకిస్తారు. మనం ఇక్కణ్ణించే వాటికి పని చెప్పాలి. అలా చెప్పడానికి మన కంప్యూటర్లో ముందు ఒక సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి. అందులో బొమ్మలుండవు, నొక్కడానికి బటన్లుండవు. నల్ల తెర మీద మనం ఒక వాక్యం రాస్తాం, అది కింద జవాబు రాస్తుంది. ఉత్తరాలన్నమాట. మీకిష్టమైన పద్ధతే.

ఇంట్లో సిగ్నల్ సరిగ్గా అందేది మేడ మీద గదిలో ఒక్కచోటే. అమ్మ ఆ గదిలో గడ్డి పరిచి కాయలు మాగేస్తానంటోంది. ఈ ఇంట్లో మీ ఉత్తరం వస్తే తప్ప కుర్చీ కూడా పక్కకి జరగదు. గది నాకు వదలమని అమ్మకి ఒక్క ముక్క రాయండి.

మీ
యోగిత

తా.క. ఫోన్‌లో అన్న మాటకి సాక్ష్యం ఉండదని మీరు ఫోన్ పట్టుకోరు కాబట్టి, ఎప్పటిలాగే జోజిబాబు పాల వ్యాన్‌లో పంపిస్తున్నాను. నూజివీడు దాటేలోపు అతను చదివేస్తాడు. జోజిబాబూ, నీకు కూడా నమస్కారం.

*

బాపులపాడు,
ఏప్రిల్ 5

చిరంజీవి యోగితకు పెదనాన్న బసవపున్నారావు ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. మీ పెద్దమ్మ నాగేశ్వరమ్మ కూడా కులాసాయే గాని ఒప్పుకోదు.

గది సంగతి మీ అమ్మకి వేరే కాగితం మీద రాశాను. నెలాఖరు దాకా నీది. ఆ తర్వాత కాయలది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాకు తేలిందేమిటంటే, నువ్వొక యంత్రాన్ని గుత్తకు తీసుకున్నావు. మన ఇంటా వంటా గుత్తకి ఇచ్చినవాళ్ళే గాని తీసుకున్నవాళ్ళు లేరు. సరే, కాలం మారింది, తప్పులేదు. కానీ తల్లీ, తోట చూశావా?

నాకు ఊహ తెలిసినప్పటినుంచీ మన మామిడితోట కాపు గుత్తకిస్తున్నాం. ఎంత పనికిమాలిన వ్యాపారయినా ముందొచ్చి చెట్టు చెట్టూ తిరుగుతాడు. పూత నలిపి వాసన చూస్తాడు. బోరు నీళ్ళు పుక్కిలించి చూస్తాడు. పక్క తోటవాళ్ళని పక్కకి పిలిచి మన గురించి అడుగుతాడు. వాళ్ళు చెప్పిన చెడ్డంతా విని, అప్పుడు బేరం మొదలెడతాడు. నువ్వు ఇంజనీరింగ్ చదివి ఏం చూశావు? ఆ భవంతి చూశావా? యంత్రం ఎన్నాళ్ళది? నీకంటే ముందు ఎవరు చేశారు, ఎందుకు వదిలేసుకున్నారు? పక్క యంత్రం వాడు ఎలాంటివాడు? రాత్రిపూట కాపలా ఎవరు, తాగుతాడా? ఇవేవీ కనుక్కోకుండా గుత్త చేసినవాణ్ణి నేను ఈ చుట్టుపక్కల చూడలేదు.

ఇంకోటి. నీకు కొనిచ్చింది బొమ్మలు నొక్కే కంప్యూటర్. దుకాణం వాడు మన ముందే నొక్కి చూపించాడు, మీ నాన్న కూడా ఒకసారి నొక్కాడు. అంత మంచి వస్తువుని రాతల కంప్యూటర్ స్థాయికి ఎలా దిగజార్చావు? నీ వల్ల అయిందా, వస్తువులోనే లోపమా? గ్యారంటీ ఉండగానే చెప్పు.

ఆశీస్సులతో
బసవపున్నారావు

తా.క. ఈ ఏడు తోట పూత మీద ఇవ్వలేదు. విస్సన్నపేట పెద్దిరాజు అడిగిన ధర నాకు నచ్చలేదు. కాయ మీద ఇద్దామని ఆగాను. ఇది నీకు సంబంధం లేని విషయం. కాగితం అడుగున చోటు మిగిలింది కాబట్టి రాశాను.

*

విస్సన్నపేట,
ఏప్రిల్ 9

పెదనాన్న గారికి యోగిత నమస్కారాలు.

గది ఇప్పించినందుకు సంతోషం. గడ్డి మాత్రం ముందే వచ్చేసింది. నేనూ గడ్డీ చెరిసగం ఉంటున్నాం.

సాఫ్ట్‌వేర్ వేసిన వైభోగం వినండి. మొదటిసారి దించుకుంటుంటే గాలివాన వచ్చి సిగ్నల్ పోయింది. రెండోసారి సగం దిగాక నేను భోజనానికి కిందికి వెళ్ళాను. అమ్మ పైకొచ్చి, తెర నల్లగా ఉంది కదా, ఆరిపోయిందనుకుని, కరెంటు దండగని మూత మూసి, ప్లగ్గు పీకి, పైన క్రోషియా గుడ్డ కప్పి వెళ్ళిపోయింది. గుడ్డ తీసి మూడోసారి మొదలుపెట్టాను. దిగింది. వేశాను. "విజయవంతంగా పూర్తయింది" అని రాసింది. సంతోషంగా పేరు పెట్టి పిలిచాను. "ఆ పేరుగలవాళ్ళు ఎవరూ లేరు" అంది.

కొత్త అల్లుడొచ్చి వరండాలో కూర్చుంటే లోపల వంటింట్లో ఎవరికీ తెలియకపోవడం ఉంటుంది చూడండి, అలాంటిదే. సాఫ్ట్‌వేర్ ఇంట్లోనే ఉంది, ఎక్కడ కూర్చుందో కంప్యూటర్‌కి ఎవరూ చెప్పలేదు. దారి రాసి చెప్పాను. అయినా వినలేదు. ఆ నల్ల తెర మూసేసి మళ్ళీ తెరిచాను. ఎంతో ఎరిగున్నట్టు పలికింది. నా చదువులో సగం ఇంతే పెదనాన్నా. మూసి, తెరవడం. నాలుగేళ్ళు పట్టింది నేర్చుకోవడానికి.

మీ ప్రశ్నలకి జవాబులు. తోట చూడలేదు. దాన్ని ఎవరూ చూడరు. పక్క యంత్రం వాడెవడో నాకు తెలీదు, నేనెవరో వాడికి తెలీదు, ఇద్దరికీ అదే క్షేమం. ఇది మన గుత్తలాగా ఏడాదికి కాదు, గంటల లెక్క. ఒక యంత్రానికి గంటకి ఇంత అని. పనున్నంతసేపు నడుపుకుంటాం, లేనప్పుడు ఆపేస్తాం. ఆపేస్తే అద్దె లేదు. పని ఎక్కువుంటే ఒకటికి పది పెట్టుకోవచ్చు, అప్పుడు పదింటికీ కట్టుకోవాలి. ఎప్పుడంటే అప్పుడు ఎవరైనా ఆపేయొచ్చు, మనమైనా, వాళ్ళయినా.

ఇప్పుడది తాళాలు అడుగుతోంది. రెండుంటాయి. మొదటిది మన పేరు లాంటిది. రెండోది రహస్యం. దాన్ని ఒక్కసారే చూపిస్తారు, మళ్ళీ అడిగినా చూపించరు. ఎవ్వరికీ చెప్పకూడదు. ఆ తర్వాత యంత్రం ఏ ఊళ్ళోది కావాలని అడుగుతుంది. ముంబై, సింగపూరు, చాలా ఉన్నాయి. నేను హైదరాబాదు అన్నాను.

మీ
యోగిత

తా.క. బొమ్మల కంప్యూటర్ బాగానే ఉంది, దిగజారలేదు. నమ్మకం కుదరక నాన్న నిన్న పైకొచ్చి ఇంకోసారి నొక్కి చూసుకున్నాడు.

*

బాపులపాడు,
ఏప్రిల్ 12

చిరంజీవి యోగితకు పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ పెద్దమ్మకి చదివి వినిపించాను. "ఎవ్వరికీ చెప్పకూడదు" అన్న చోట ఆమె పడక్కుర్చీలోంచి లేచి నిలబడింది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి. దీన్నిబట్టి విషయం ఎంత పెద్దదో తెలుసుకో.

తాళం సంగతి ముందు మాట్లాడదాం. ఏ ఇంట్లోనైనా రెండు తాళాలుంటే ఒకటి పెద్దవాళ్ళ దగ్గర ఉంటుంది. మీ నాన్న బీరువా రెండో తాళం నా దగ్గరే ఉంది. మొదటిది మీ నాన్న పారేసుకున్నాడు. అప్పటినుంచీ బీరువా తీయాల్సినప్పుడల్లా బస్సెక్కి బాపులపాడు వస్తున్నాడు, తాళం పట్టుకెళ్తున్నాడు, మళ్ళీ తెచ్చిస్తున్నాడు. ఏనాడైనా "అన్నయ్యా, అది నా దగ్గరే ఉంచుకుంటా" అన్నాడా? అదీ పద్ధతి. కాబట్టి ఆ రహస్యం తాళం ఒక కాగితం మీద రాసి, కవర్లో పెట్టి అంటించి జోజిబాబు చేత పంపు. అతను చదవకుండా పైన "మందుల చీటీ" అని రాయి.

రెండో సంగతి. ముంబై ఉంది, సింగపూరు ఉంది అని నువ్వే రాశావు. అద్దె అంతా ఒకటే అయినప్పుడు ఎవరైనా సింగపూరుది తీసుకుంటారు. నువ్వు హైదరాబాదే ఎందుకన్నావు? అక్కడ ఎవరున్నారు? పేరు, ఊరు, వాళ్ళ నాన్న ఏం చేస్తాడు, ఈ మూడూ రాయి. నేను కోప్పడను. కోప్పడే పని మీ పెద్దమ్మది.

ఆశీస్సులతో
బసవపున్నారావు

తా.క. గంటల లెక్క అన్నావే, ఆ ముక్క బాగుంది. మూడు రోజులుగా బుర్రలో తిరుగుతోంది.

*

విస్సన్నపేట,
ఏప్రిల్ 16

పెదనాన్న గారికి యోగిత నమస్కారాలు.

తాళం పంపను. మీ మీద నమ్మకం లేక కాదు. ఆ తాళం ఉన్నవాళ్ళు నా పేరు మీద ఆ యంత్రాలతో ఏమైనా చేయించొచ్చు. కంపెనీ వాళ్ళు మొదటిరోజే చెప్పారు, అది ఇంకొకరి చేతిలో పడితే నా పరీక్ష అక్కడితో సరి. నాన్న బీరువా సంగతి వేరు. అందులో ఉన్నది నాన్న పెళ్ళినాటి సూటు, మా అందరి రేషన్ కార్డూ. వాటి కోసం సింగపూరు నుంచి ఎవరూ రారు.

హైదరాబాదులో ఉన్నది యంత్రం. దానికి నాన్న లేడు. ఊరు దగ్గరైతే మాట త్వరగా చేరుతుందని దగ్గరది తీసుకున్నాను. బాపులపాడుకి పంపిన పాలు, బొంబాయికి పంపిన పాలు ఒకేలా చేరతాయా? అంతే.

మీ ఉత్తరం వచ్చిన సాయంత్రమే పెద్దమ్మ అమ్మకి ఫోన్ చేసింది. మర్నాటినుంచీ అమ్మ గోరుచిక్కుళ్ళ గిన్నె పట్టుకుని మేడ మీదికొస్తోంది. గడ్డి మీద నా వెనకే కూర్చుని ఈనెలు తీస్తూ తెర చూస్తుంది. నేను ఒక వాక్యం రాసి ఎంటర్ కొడతాను. కింద జవాబు పడగానే అమ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోతుంది. మూడు రోజుల్లో వీధిలో వాళ్ళకి సరిపడా గోరుచిక్కుళ్ళు ఒలిచింది. మధ్యాహ్నం అదే కూర, రాత్రి అదే కూర. నా మీద నిఘా వల్ల ఇంటిల్లిపాదీ శిక్ష అనుభవిస్తున్నాం.

పని సంగతి చెప్తాను. తాళాలు పెట్టాను. మొదట్లో ఏం అడిగినా అనుమతి లేదంది. కంపెనీ వాళ్ళని అడిగితే, నా పేరు పక్కన ఇవ్వాల్సిన అనుమతులు ఇవ్వడం మర్చిపోయామన్నారు. నిన్న ఇచ్చారు. నిన్న సాయంత్రం మొదటిసారి ఇక్కడ విస్సన్నపేటలో నేను రాసిన ముక్కకి అక్కడ యంత్రం లేచింది. ఒక గిడ్డంగి లెక్కంతా ఎక్కించి, చూపించి, ఆపేశాను. అరుద్దామనుకున్నాను. వెనక అమ్మ ఉంది. అరవలేదు.

పరీక్ష దాదాపు నెగ్గినట్టే. ఇరవై ఏడో తారీకు సోమవారం పదింటికి ఉద్యోగంలో చేరమంటున్నారు. నాన్నని అడిగితే "అన్నయ్య ఏమంటాడో" అన్నాడు. అమ్మని అడిగితే "మీ నాన్న ఏమంటాడో" అంది. కాబట్టి మీరే రాయాలి. నాకీ ఉద్యోగం కావాలి. చిన్నప్పట్నుంచీ మిమ్మల్ని పట్టుబట్టి ఏదీ అడగలేదు, ఇది అడుగుతున్నాను.

మీ
యోగిత

తా.క. అది అనుమతి లేదన్న రోజున అమ్మ వెనకనుంచి "ఏమంటున్నాడే?" అంది. నేను చిరాకులో ఉండి, "ఏం అడిగినా అనుమతి లేదంటున్నాడు, ముందు పెద్దవాళ్ళ చేత చెప్పించమంటున్నాడు" అన్నాను. అమ్మ చాలాసేపు తెరకేసి చూసి, "పద్ధతిగల పిల్లాడే" అంది.

*

బాపులపాడు,
ఏప్రిల్ 22

చిరంజీవి యోగితకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు చూడలేదు కాబట్టి నేనే చూసొచ్చాను.

మన సువర్ణరాజు మాస్టారు, రిటైరయ్యాక ఖాళీగానే ఉంటున్నారు కదా, తోడు రమ్మన్నాను. శనివారం రాత్రి హైదరాబాదు బస్సెక్కాం. మాస్టారి అల్లుడు అక్కడ ఆటో మాట్లాడి పెట్టాడు. "ఇలాంటి భవంతులు ఊరి చుట్టూ చాలా ఉన్నాయండీ, మీది ఏదో తెలీదుగా" అన్నాడు. "అన్నిట్లోకీ పెద్దది చూపించు బాబూ" అన్నాను. పెద్ద గుత్తదారుకి పెద్ద తోటే ఉంటుంది.

ఊరు దాటాక ఒకచోట దింపాడు. పెద్ద గోడ, గోడ మీద ముళ్ళ కంచె, ఒక్క కిటికీ లేదు, పేరు బోర్డు లేదు. గేటు దగ్గర యూనిఫాం వేసుకున్న ఆయన మర్యాదగా లేచి నిలబడ్డాడు.

"ఏ పని మీద వచ్చారండీ?" అన్నాడు.

"మా అమ్మాయి ఇక్కడ ఒక యంత్రం గుత్తకు తీసుకుంది. ఒకసారి చూసుకుని, చుట్టూ తిరిగి వెళ్ళిపోతాం" అన్నాను.

"ఏ యంత్రమండీ?"

"అది నీకే తెలియాలి. కాపలా నువ్వు."

"నాకు తెలీదండీ. ఏది ఎవరిదో లోపల పనిచేసేవాళ్ళకి కూడా తెలీదంట."

నేను, మాస్టారు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. "పున్నారావు గారూ, కాపలావాడికి కూడా జాడ తెలీని తోట నేను ఇదే చూడటం" అన్నారు మాస్టారు. అక్కడే నాకు జ్ఞానోదయం అయింది తల్లీ. మన తోటలో ఏ చెట్టుకి ఎన్ని కాయలున్నాయో కాపలావాడికి బాగా తెలుసు. అందుకే ఉండవు. వీళ్ళు మహా తెలివైనవాళ్ళు.

నీ యంత్రం దగ్గర పనిచేసే పిల్లలకిమ్మని తొలికోత చిన్నరసాల బుట్ట ఒకటి ఇచ్చాను. తినేవి లోపలికి పోనివ్వరట. గేటాయన ఇంటికి పట్టుకెళ్తానన్నాడు. మంచివాడు. తాగడట, అడిగాను.

తిరుగు బస్సులో నీ ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. ఇన్నేళ్ళూ ఏడాది కాపంతా ఒకడి చేతిలో పెట్టి కూర్చోవడం ఎంత తెలివితక్కువో తెలిసొచ్చింది. దిగగానే పెద్దిరాజుని పిలిపించాను. "ఈ ఏడు నుంచి మన తోట గంటల లెక్క. కోసుకున్నంతసేపు కోసుకో, గంటకి ఇంత కట్టు" అన్నాను. "గంటకేనాండీ?" అన్నాడు. గంటకే అన్నాను. మళ్ళీ అడిగాడు, మళ్ళీ చెప్పాను. "మనుషుల్ని ఎంతమందిని పెట్టుకోవాలో నా ఇష్టమేనాండీ?" అన్నాడు. "నీ మనుషులు, నీ కూలీ, నాకెందుకయ్యా" అన్నాను. నా రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి పాపం. గంట రేటు కాస్త గట్టిగానే చెప్పాను, బేరం కూడా ఆడలేదు. ఏటా కోత రెండు నెలలు సాగుతుంది. ఆ గంటలన్నీ కూడితే ఎంతవుతుందో వేసుకుని రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కాగితం కూడా రాయించాను. అందులో నీ మాటే పెట్టించాను, "ఎప్పుడంటే అప్పుడు ఎవరైనా ఆపేయొచ్చు" అని. తోట మొత్తానికీ ఒకటే కాగితం, నా సగం, మీ నాన్న సగం కలిపి. మీ నాన్నకి చెప్పు.

ఇక నీ ఉద్యోగం. సోమవారం పొద్దున్న ఆరింటికి కోత మొదలు. గంటలు రాయడానికి నమ్మకమైన మనిషి కావాలి. మీ నాన్న మొహమాటస్తుడు, పెద్దిరాజు ఒక టీ ఇప్పిస్తే అరగంట వదిలేస్తాడు. నువ్వు కూర్చో. ఈ పద్ధతి మన ఇంట్లో తెలిసిందానివి నువ్వొక్కదానివే. నువ్వు నేర్చుకున్న విద్య మన ఇంటికే పనికొచ్చాక ఇంక బయటివాళ్ళ దగ్గర చేరడం దేనికి? ఆ కంపెనీకి వద్దని రాసెయ్యి. కావాలంటే వచ్చే ఏడు చూద్దాం. మీ నాన్నకి కూడా ఇదే రాశాను.

ఆశీస్సులతో
బసవపున్నారావు

తా.క. మీ పెద్దమ్మ అడగమంది. ఆ పిల్లాడు ఆఖరికి అనుమతి ఇచ్చాడా?

*

విస్సన్నపేట,
ఏప్రిల్ 28

పెదనాన్న గారికి యోగిత నమస్కారాలు.

మీరు చెప్పినట్టే నిన్న ఆరింటికి తోటలో కాపలా పాక ముందు గడియారం పట్టుకుని కూర్చున్నాను. పక్కన నాన్న నిలబడ్డాడు.

ముందు రెండు లారీలు వచ్చాయి. వెనక ట్రాక్టర్లు. వాటి వెనక ఆటోలు. తిరువూరు వైపునుంచి, మైలవరం వైపునుంచి, ఇంకా నేను పేరు వినని ఊళ్ళనుంచి మనుషులు దిగుతూనే ఉన్నారు. నిచ్చెనలు, చిక్కాలు కట్టిన గడలు, తాళ్ళు, గోతాలు. చెట్టుకి ఇద్దరు కాదు పెదనాన్నా, కొమ్మకి ఇద్దరు. "మా పెళ్ళికి కూడా ఇంతమంది రాలేదే" అన్నాడు నాన్న. పెద్దిరాజు తనతో ఒక కుర్చీ, ఒక గడియారం, గంటలు రాసే తన మనిషిని కూడా తెచ్చుకున్నాడు. ఆ కుర్చీ నా కుర్చీ పక్కనే వేయించాడు.

"టైము చూసుకోండమ్మా, తర్వాత మాటొద్దు" అన్నాడు.

"ఇంతమందేంటండీ?" అన్నాను.

"పెద్దాయన మనుషులు నా ఇష్టమన్నారమ్మా. అలాంటి మనిషి జిల్లాలో ఇంకొకరు లేరండి. నూరేళ్ళు బతకాలి."

ఈల వేశారు. ఆ తర్వాత నాకు చెట్లు కనపడలేదు, మనుషులే కనపడ్డారు. కాయలు రాలుతుంటే వడగళ్ళవాన పడుతున్నట్టే ఉంది చప్పుడు. బంగినపల్లి వరసలు ఇటునుంచి అటు బోడిగా అయిపోతున్నాయి. ఎదగని పిందెలు కూడా పచ్చడికని గోతాలకెత్తుతున్నారు. టిఫిన్ వేళకి తోట మొత్తం అయిపోతుందని పెద్దిరాజు ఎవరికో ఫోన్‌లో చెప్తున్నాడు. రెండు నెలల కోత, పెదనాన్నా.

నాన్న నా వైపు చూసి "అన్నయ్యని అడుగుదామా?" అన్నాడు. ఫోన్ చేశాను. పెద్దమ్మ ఎత్తింది. "పూజలో ఉన్నారే. ఏదైనా ఉంటే ఉత్తరం రాయమన్నారు" అంది.

రాయలేదు. మొదటి గంట అవగానే లేచి నిలబడి "ఆపండి" అన్నాను.

"అదేంటమ్మా, పెద్దాయన్ని అడగాలి కదా" అన్నాడు పెద్దిరాజు.

"మీ దగ్గరున్న కాగితం తీయండి. ఎప్పుడంటే అప్పుడు, ఎవరైనా అని ఉంది. నేను ఆపుతున్నాను."

తీశాడు. చదివాడు. తన మనిషి చేత కూడా చదివించుకున్నాడు. "చదువుకున్న పిల్లలతో ఇదే అండీ" అన్నాడు నాన్నతో. నాన్న మామూలుగా అయితే "అవునండీ" అనేవాడు. నిన్న అనలేదు. "చిక్కాలు దించమనండి" అన్నాడు. అంతమందిలో ఎవరికి వినపడిందో తెలీదు గాని, దించారు.

లెక్క చెప్తాను. బంగినపల్లి మొత్తం పోయింది. అందులో ఎక్కువ మీ సగంలోవి. రసాలు, కలెక్టర్ కాయలు మిగిలాయి. మిగిలినదానికి నాన్న అక్కడే బేరం చేశాడు, చెట్టుకి ఇంతని, కాయ పక్వానికొచ్చాకే కోతని. మిమ్మల్ని అడగలేదు. అడగమని నేనూ అనలేదు. ఒక గంట అద్దె కవర్లో పెట్టి పంపిస్తున్నాను, పెద్దిరాజు పైసా తగ్గించకుండా ఇచ్చాడు.

ఏప్రిల్ తొమ్మిదో తారీకు ఉత్తరం మీ దగ్గరే ఉంటుంది, తీసి చూసుకోండి. "ఒక యంత్రానికి గంటకి ఇంత" అని రాశాను. పది పెట్టుకుంటే పదింటికీ కట్టాలని కూడా రాశాను. మీరు గంటని ఉంచుకుని యంత్రాన్ని వదిలేశారు. మనిషికి ఇంతని రాయించి ఉంటే పెద్దిరాజు కళ్ళల్లో నీళ్ళు వచ్చేవి కావు. ఈ ఇంట్లో నన్ను చదివే పద్ధతే అది. నేను ఎంత వివరంగా చెప్పినా, ఎవరికి కావాల్సిన సగం వాళ్ళు చదువుకుంటారు. నల్ల తెర చదివారు, హైదరాబాదు చదివారు, రహస్యం చదివారు. "నాకీ ఉద్యోగం కావాలి" అని కూడా ఒక వాక్యం రాశాను. దానికి జవాబుగా మీరు నాకొక గడియారం ఇప్పించారు.

అనుమతి వచ్చిందని పెద్దమ్మకి చెప్పండి.

మీ
యోగిత

తా.క. తోటనుంచి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, నిన్న పదింటికి ఉద్యోగంలో చేరాను. మానను.